కొత్త తుపాకిని మచ్చిక చేసిన వైనం

అట్ల పెనం గురించి ఒక్క మాట నోరు జారినందుకు ఒక పోలీసు పటాలం పటాలమంతా నెల్లాళ్లపాటు వెదురు కర్రలతో కాపలా కాసింది. జారిన నోరు నాదే, కాదనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మా పటాలానికి ఒకవైపు కొండ, మూడువైపులా జీడితోటలు. మా ఆయన అందులోనే కానిస్టేబులు. ఆయన పోయాక అప్పటి సారు దయతలచి గేటు లోపల టిఫిన్ల పాక వేసుకోమన్నారు. అది మొదలు ముప్ఫై ఎనిమిదేళ్లు, పదిహేడుమంది కమాండెంట్లు నా చేతి అట్టు తిని బదిలీ అయిపోయారు. పద్దెనిమిదో ఆయన విభూషణరావు గారు. బాగా చదువుకున్న మనిషి. ఆ సంగతి ఎవరినీ ఒక్క పూట కూడా మరిచిపోనిచ్చేవారు కాదు.

ఒకరోజు పొద్దున్న నా బల్ల మీద కూర్చుని అట్టు తుంపుతూ అడిగారు. "ఏమ్మా, మా ఇంట్లో అట్టు పెనానికి కరుచుకుని ముక్కలైపోతుంది. నీదేమో కాగితంలా లేచొస్తుంది. ఇందులో సాంకేతిక రహస్యం ఏమిటి?"

"రహస్యం ఏటుంది బాబూ! కొత్త పెనాన్ని ముందు మచ్చిక చేసుకోవాలి. నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, ఒక అట్టు పోసి పారెయ్యాలి. తుడవాలి. మళ్లీ నూనె, మళ్లీ అట్టు, మళ్లీ తుడుపు. నాలుగు రోజులు అలా చేస్తే అదే మన మాట వింటుంది."

నోటిదాకా వెళ్లిన అట్టు ముక్క అక్కడే ఆగిపోయింది. సారు కళ్లు ఎటో చూస్తున్నాయి. పక్క బల్ల మీద టీ తాగుతున్న తవిటయ్య గబుక్కున గ్లాసు దించేశాడు.

తవిటయ్య ఆయుధాల కొట్టు చూసే హెడ్డు. తుపాకి గొట్టంలోకి కన్ను పెట్టి దాని వయసు చెప్పేస్తాడు. సంబంధాలు కుదిర్చేవాడు పిల్ల వయసు చెప్పినట్టు కాదు, అసలు వయసు. సారు వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి, "పిన్నీ, ఎంత పని చేశావు! సారుకి ఆలోచన పుట్టినప్పుడల్లా ముక్క అలాగే ఆగుతుంది. నిన్ననే అరవై కొత్త తుపాకులు దిగాయి" అన్నాడు.

"తుపాకులకీ నా పెనానికీ ఏటి సంబంధంరా?"

"లేదు. రేపటికి ఉంటుంది చూడు."

తెల్లారేసరికి నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించేశారు. నీలవేణి చదివి వినిపించింది. "ఇందుమూలముగా పటాలము యావన్మందికి తెలియజేయడమేమనగా, కర్మాగారము నుండి వచ్చు నూతన నాళికలు స్వభావముచే మొరటువై, క్రమశిక్షణ లేనివై ఉండును. కావున ప్రతి నూతన నాళికయందు ఒక తూటా పేల్చుట, చల్లార్చుట, శుభ్రవస్త్రముతో తుడుచుట, వస్త్రము తెల్లగా వెలువడిన పిదప మరియొక తూటా పేల్చుట అను ప్రక్రియను మచ్చిక సంపూర్ణమగు వరకు జరిపించవలెను. మచ్చిక ధ్రువపత్రము లేని ఆయుధమును ఎవరును ముట్టరాదు."

"నాళిక అంటే ఏటే?"

"గొట్టం మామ్మా" అంది. అని, బోర్డు దగ్గరే చతికిలబడిపోయింది.

ఆ గుంట ఎందుకు కూలబడిందో చెప్పాలి. నీలవేణి కానిస్టేబులు. పటాలంలో దానంత గురిగా కాల్చేవాళ్లు ఇంకొకరు లేరు. కానీ గురి ఎంతున్నా దాని డ్యూటీ కమాండెంటు గారి బంగళాలో. అమ్మగారికి మూడు తెల్ల బొచ్చుకుక్కలు. పింకీ, జూలీ, మేజరు. వాటికి స్నానం చేయించడం, దువ్వడం, మేజరుకి చెవిలో చుక్కలు వెయ్యడం, ఇదీ ఉద్యోగం. రాష్ట్రం పోలీసు పోటీల్లో బంగారు పతకం తెస్తే అలాంటి డ్యూటీలు తప్పించి ఆటల జట్టులో శాశ్వతంగా వేస్తారని రూలు ఉంది. కిందటేడు పాత తుపాకితో వెళ్లింది. దాని గొట్టం అరిగిపోయి, తూటాలు చాటలో బియ్యం చెరిగినట్టు చెల్లాచెదురుగా పడ్డాయి. నాలుగో స్థానం. నాలుగో స్థానానికి పతకం ఉండదు, పింకీ, జూలీ, మేజరు ఉంటాయి.

ఈసారి దాని కోసమే తవిటయ్య మూడేళ్లు అర్జీలు పెట్టి పెట్టి పోటీ తుపాకులు రెండు తెప్పించాడు. ఒకటి వాడటానికి, ఇంకొకటి దానికి జోడీ. ఆ అరవైతోపాటే వచ్చాయి. పోటీలు సరిగ్గా ముప్ఫై రోజుల్లో ఉన్నాయి.

"పోనీ మచ్చిక చేస్తే మంచిదేనేమోరా?" అని అడిగాను తవిటయ్యని, నా తప్పు కొంచెం తగ్గుతుందేమోనని ఆశతో.

"కొందరు చేస్తారు పిన్నీ. కొత్త గొట్టంలో సన్న గరుకు ఉంటుంది, మొదట పది తూటాలు ఒక్కోటీ కాల్చి తుడుస్తారు. చేస్తే కొంప మునిగిపోదు, చెయ్యకపోతే తేలిపోదు. కాలుస్తుంటే గరుకు దానంతటదే పోతుంది. కానీ గొట్టానికి ఆయుష్షు తూటాల్లో రాసి పెట్టి ఉంటుంది. నాలుగైదు వేలు కాల్చామా, దానికి కర్మకాండే. మచ్చిక పేరు చెప్పి కాల్చే ప్రతి తూటా దాని నూకల్లోంచి తీసిందే."

"మరి సారుకి చెప్పకపోయావా?"

"చెప్పాను. 'ఎన్ని తూటాలకి మచ్చిక సంపూర్ణం అవుతుంది సార్?' అని అడిగాను. 'అది నాళికే చెబుతుంది' అన్నారు."

నాళిక ఏమీ చెప్పలేదు. అది గొట్టం కదా.

మచ్చిక దళం అని ఎనిమిదిమందిని వేశారు. కొండ కింద ఫైరింగు రేంజిలో తాటాకు పందిరి వేసి తుపాకులన్నీ బల్లల మీద బారుగా పరిచారు, సామూహిక వివాహాలప్పుడు పెళ్లికొడుకుల్ని కూర్చోబెట్టినట్టు. ఒకడు ఒక తూటా పేలుస్తాడు. ఇద్దరు విసనకర్రలు పుచ్చుకుని గొట్టానికి విసురుతారు. అది చల్లారిందో లేదో ఇంకొకడు చెంప ఆనించి చూస్తాడు. చల్లారాక తాడు చివర చిందీ గుడ్డ, అంటే తుపాకి తుడిచే పేలిక, కట్టి గొట్టంలో ఈ చివరనుంచి ఆ చివరకి లాగుతారు. ఆ గుడ్డ తీసుకెళ్లి శ్వేతత్వ నిర్ధారణ అధికారికి చూపిస్తారు.

ఆ అధికారి ఇన్‌స్పెక్టరు జగ్గారావు గారు. పాపం ఆయనకి కంట్లో పువ్వు తీయించి వారమైంది. తేలికపాటి పని ఇవ్వమని డాక్టరు రాసిచ్చాడు. గుడ్డ తెల్లగా ఉందో లేదో చూడటం కంటే తేలికపని ఏముంటుందని ఈ పదవి ఆయనకిచ్చారు. ఆయన నల్లద్దాలు పెట్టుకుని గుడ్డ పైకెత్తి చూసేవారు.

"మసకగా ఉంది. మళ్లీ తుడవండి."

మళ్లీ తుడిచేవారు.

"ఇంకా మసకే."

"సార్, ఒకసారి అద్దాలు తీసి చూడరాదా?" అన్నాడు ఒక కానిస్టేబులు.

"డాక్టరు నలభై రోజులు తియ్యొద్దన్నాడు. నీ గుడ్డ కోసం నా కన్ను పోగొట్టుకోనా?"

మూడో రోజున నేనే ఒక తెలివైన పని చేశాననుకున్నాను. బజారునుంచి తెచ్చిన సరికొత్త మల్లుగుడ్డ ముక్క, తుపాకి మొహం చూడనిది, ఆయన చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "ఈ తుపాకి అన్నిటికంటే మొండిది" అన్నారు.

ఒక్క తూటాకి ఇరవై తుడుపులు, ముప్ఫై తుడుపులు. ప్రతి గుడ్డనీ తేదీ వేసి, తుపాకి నెంబరు వేసి, ఫైలులో గుండుసూదితో గుచ్చాలి. రుజువు ఉండాలి కదా. రికార్డు గదినిండా మడ్డి నూనె కంపు. పదో రోజుకి స్టోర్సులో చిందీ గుడ్డ అయిపోయింది. ముందు పందిళ్ల గుడ్డలు చించారు. తరవాత ఆఫీసు కిటికీల తెరలు పోయాయి. తరవాత కానిస్టేబుళ్లు ఒక్కొక్కరూ ఒక పాత బనీను తెచ్చి అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. పాత బనీను లేనివాళ్లు, "తొడుక్కున్నదే ఉంది సార్" అని విన్నవించుకుంటే, "విన్నపము పరిశీలించి స్వాధీనము చేసుకొనడమైనది" అని రాశారు. నా టీ వడగట్టే గుడ్డ కూడా ఒక పూట కనబడలేదు. దొరికాక చూస్తే దానిమీద నెంబరు వేసి ఉంది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఒక పొద్దున్న మళ్లీ సారు చేతిలో అట్టు ముక్క ఆగింది. నేనేమీ అనలేదు, ఒట్టు. నోరు కట్టేసుకుని చట్నీ పోస్తున్నాను.

"నూతనమైనది నాళిక ఒక్కటేనా?" అన్నారు తనలో తాను.

ఆ సాయంత్రం రెండో ఉత్తర్వు. పటాలంలోకి వచ్చే కొత్తదేదైనా సరే, దానికీ మచ్చిక వర్తిస్తుంది. కొత్త విజిలు వస్తే ఒకసారి ఊదడం, చల్లార్చడం, తుడవడం. విజిలు ఏం వేడెక్కుతుందని అడగరాదు. కొత్త బూట్లు తొడుక్కుని ఒక అడుగు వెయ్యడం, విప్పడం, తుడవడం, తొడుక్కోవడం. కవాతు మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లడానికి ఒక సెక్షనుకి రెండు రోజులు పట్టింది. కొత్త జీపు ఒక ఫర్లాంగు నడిపి కడగాలి. అది పెట్రోలు కంటే నీళ్లే ఎక్కువ తాగింది. కొత్తగా కట్టిన మరుగుదొడ్ల సంగతి నేను చెప్పను. ఒకరు వెళ్లొచ్చాక చల్లారేదాకా ఆగాలంటే బయట నిలబడ్డవాళ్ల గతేమిటో మీరే ఊహించుకోండి.

తుపాకులన్నీ పందిట్లోనే ఉండిపోయాయి. పాత తుపాకులు పైకి పంపించేశారు, కొత్తవి ఇంకా మచ్చిక కాలేదు. గేటు దగ్గర సెంట్రీలు వెదురు కర్రలు భుజాన వేసుకుని నిలబడ్డారు. వాటికి నల్లరంగు వేయించారు, దూరంనుంచి చూస్తే మర్యాదగా ఉంటుందని. కొత్త కర్రలు కదా, వాటినీ మచ్చిక చెయ్యాలేమోనని ఒకాయన అనుమానం వెలిబుచ్చాడు. దాంతో కర్రలు సగం పందిట్లోకి వెళ్లాయి. సగంమంది సెంట్రీలు కర్ర ఉన్నట్టు చేతులు మాత్రం పెట్టి నిలబడ్డారు.

నీలవేణి సంగతి అడగకండి. పోటీ తుపాకి మిగతావాటికంటే ముఖ్యమైనది కనక దాన్ని మిగతావాటికంటే ఎక్కువ మచ్చిక చెయ్యాలన్నారు. పగలంతా అది పేలుతూనే ఉంది, వాళ్లు తుడుస్తూనే ఉన్నారు. ఆ చప్పుడు వింటూ ఇది బంగళా పెరట్లో మేజరుకి సబ్బు రాసేది. పని అయ్యాక నా పాకకొచ్చి, రోకలికి ఇటుకరాయి వేలాడదీసి, భుజానికి ఆనించి, జీడిచెట్టుమీద ఒక పిందెకి గురి చూస్తూ కదలకుండా అరగంట నిలబడేది.

"మామ్మా, పదిహేను రోజులే ఉంది. ఇవాళ తవిటయ్య బాబాయి లెక్క చూశాడు. నా తుపాకి రెండు వేల తూటాలు దాటిపోయింది. నేను ఒక్కటీ కాల్చలేదు."

"నా నోరు పడిపోనూ" అన్నాను.

"నీ నోరేం చేసింది మామ్మా? నువ్వు పెనం గురించి చెప్పావు. అట్టు గురించి విన్నవాడు అట్టు వేసుకుంటాడు గానీ..." అని రోకలి దించి ఏడుపూ నవ్వూ కలిపి మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను. ఆ పూట ఎవరికీ టీ పెట్టలేదు.

పోటీలు ఇంకో మూడు రోజులున్నాయనగా డి.ఐ.జి. గారు తనిఖీకి వచ్చారు. గౌరవ వందనానికి ఇరవైమంది నిలబడ్డారు. పదిమందికి నల్ల కర్రలు, పదిమందికి గాలి. "సలామీ శస్త్ర్!" అని కేక పెట్టగానే పదిమంది కర్రలు ఎత్తారు, పదిమంది ఏమీ లేని చేతులు ఎత్తారు. అందరూ కలిసి ఒక్కలాగే చేశారు లెండి, అందులో వంక పెట్టడానికి లేదు.

డి.ఐ.జి. గారు వరసంతా నడిచి చివరివాడి దగ్గర ఆగారు. "నీ తుపాకి ఏది?"

"మచ్చికలో ఉంది సార్!"

"నీ కర్ర?"

"అదీ మచ్చికలోనే ఉంది సార్!"

విభూషణరావు గారు ముందుకొచ్చి పావుగంట ఉపన్యసించారు. నాళిక మనస్తత్వం, ప్రాచీన భారతీయ గృహిణుల లోహ విజ్ఞానం, అంతర్జాతీయ దృక్పథం. ఉన్నట్టుండి నా వైపు చెయ్యి చూపించి, "వీరు మా సాంప్రదాయ మచ్చిక నిపుణురాలు" అన్నారు. నేను చట్నీ గిన్నెతో అక్కడే ఉన్నాను. గిన్నెతోనే దండం పెట్టాను.

డి.ఐ.జి. గారు తక్కువ మాటల మనిషి. "ఉపయోగం ఉందా, లేదా? మచ్చిక చేసిందొకటి, చెయ్యనిదొకటి తెప్పించు. నా ముందు కాల్పించు" అన్నారు.

మచ్చిక చేసింది నీలవేణి పోటీ తుపాకి. చెయ్యనిది దాని జోడీ, వంతు రాక ఇంకా పెట్టెలోనే ఉంది. కాల్చడానికి పటాలంలో అందరికంటే గురైన మనిషి కావాలి కనక బంగళానుంచి నీలవేణిని పిలిపించారు. చేతులకి కుక్కసబ్బు నురగతోనే వచ్చింది.

మొదట మచ్చికది. అప్పటికి మూడున్నర వేల తూటాలు తిన్న గొట్టం అది. పది కాల్చింది. గురిపెట్టిన అట్ట తెచ్చి చూస్తే పది చిల్లులూ పది ఊళ్లలో ఉన్నాయి. తవిటయ్య గొట్టం మూతిలోకి చూసి, "తూటాల పనే కాదు సార్. లక్షసార్లు తాడు లాగారు, ఆ ఒరిపిడికి మూతి ఒకవైపు అరిగిపోయింది. బావిగట్టుమీద చేంతాడు గాడి పడ్డట్టు పడింది" అన్నాడు.

తరవాత పెట్టెలోంచి తీసిన కొత్తది. గ్రీజు తుడిచి చేతికిచ్చారు. నీలవేణి భుజానికి ఆనించుకుంది. నెల్లాళ్లు ఇటుకరాయి మోసిన చెయ్యి, ఊపిరి కూడా కదల్లేదు. పది కాల్చింది. అట్ట తెచ్చారు. దానిమీద ఒక్కటే చిల్లు, గారె మధ్య కన్నమంత. పదీ అందులోనే దూరాయి.

నేను చట్నీ గిన్నె కింద పెట్టి చప్పట్లు కొట్టాను. ఇంకెవరూ కొట్టలేదు.

డి.ఐ.జి. గారు రాతపూర్వకంగా నివేదిక ఇమ్మని చెప్పి కారెక్కారు. వెంటనే నిపుణుల కమిటీ కూర్చుంది. సారు, జగ్గారావు గారు, నేను. రాసుకోవడానికి తవిటయ్య.

"ఫలితం స్పష్టం కాలేదు" అన్నారు సారు.

"ఒక్క చిల్లే కదా బాబూ" అన్నాను.

"అక్కడే ఉంది సమస్య. మచ్చిక చెయ్యని నాళికను పరీక్షించమన్నారు. మొదటి తూటా పేలిన మరుక్షణం దానికి మచ్చిక ఆరంభమైపోయింది. రెండో తూటా నుంచి పదో తూటా దాకా పేల్చింది పాక్షికంగా మచ్చికైన నాళిక. అంటే తొమ్మిది తూటాల విజయం మచ్చికదే! మచ్చిక లేని నాళిక కాల్చింది ఒకే ఒక్కటి, మొదటిది. అది ఎక్కడ పడింది?"

అందరం అట్ట చూశాం. జగ్గారావు గారు నల్లద్దాలతో చూసి, "మసకగా ఉంది" అన్నారు.

"పది తూటాలూ ఒకే చిల్లులో పడ్డం వల్ల మొదటిది ఏదో తేల్చడం అసాధ్యం. కాబట్టి పరీక్ష చెల్లదు" అన్నారు సారు.

"ఇంకో కొత్తది తెప్పించి కాలుద్దామా సార్?" అన్నాడు తవిటయ్య, మొహంలో ఏ భావమూ లేకుండా.

"కాల్చగానే అదీ చెడుతుంది. మచ్చిక లేని నాళికను పేల్చకుండా పరీక్షించే పద్ధతి కనిపెట్టేవరకు మచ్చిక కొనసాగించాలని సిఫారసు రాయి."

రాశాడు. నేను నిపుణురాల్ని కదా, నా పేరు కూడబలుక్కుని సంతకం చేశాను. సిగ్గేసింది గానీ, అప్పటికే నా బుర్ర ఇంకోచోట ఉంది.

"బాబూ, ఆ జోడీ తుపాకి ఇప్పుడు ఏ రిజిస్టర్లో ఉన్నట్టు?"

సారు ఆలోచించారు. "మచ్చిక కానివాటిలో లేదు. కాల్చాం కదా. మచ్చికైనవాటిలో లేదు. ధ్రువపత్రం లేదు."

"మచ్చికలో ఉన్నవాటిలో?"

"వాటిలోకి ఉత్తర్వు ప్రకారం చేర్చలేదు. సాంకేతికంగా అది... లేదు."

"లేనిదాన్ని ఎవరైనా ముడితే తప్పవుతుందా బాబూ?"

"లేనిదాన్ని ఎలా ముడతారమ్మా? నువ్వు నిపుణురాలివి, ఇలాంటి ప్రశ్నలు వెయ్యకూడదు."

తవిటయ్య కలం ఆగింది. నా వైపు చూడలేదు, నేనూ వాడి వైపు చూడలేదు.

పోటీలకి వెళ్లే జట్టుకి వంటమనిషిని నేనే. సామాన్ల జాబితాలో గరిటెలు ఆరు, డేక్సాలు రెండు, పీటలు మూడు అని రాశాక, కింద "పొడవాటి వంట సామాను, ఒకటి" అని తవిటయ్య చేర్చాడు. గేటు దగ్గర సెంట్రీ జాబితా చూశాడు, గోనె విప్పి చూశాడు. తన ఖాళీ చేతులవంక చూసుకున్నాడు. మళ్లీ గోనె జాగ్రత్తగా కట్టి, "ఇది వంట సామానే మామ్మా. దీంతో బాగా వండండి" అన్నాడు.

పోటీల్లో తుపాకి తయారుచేసిన కంపెనీ కాగితం చూపించి తవిటయ్య తుపాకి దాఖలు చేశాడు. నీలవేణి రెండు రోజులు కాల్చింది. సాయంత్రం ఒక్కసారి శుభ్రంగా తుడిచి పెట్టుకునేది. బంగారం వచ్చింది. రెండో స్థానంవాడికీ దీనికీ ఎంత తేడా అంటే, ఆ అబ్బాయి వచ్చి అమ్మాయికి కాదు, నాకు దండం పెట్టాడు, దీనికి ఏం వండి పెడుతున్నారో చెప్పమని.

బస్సులో పతకం మెళ్లోంచి తియ్యకుండా నా భుజం మీద నిద్రపోయింది. ఇంక కుక్కల స్నానాలు తప్పాయనుకున్నాను. పటాలం సంగతి ముప్ఫై ఎనిమిదేళ్లుగా తెలిసి కూడా అలా అనుకున్నాను చూడండి.

గేటు దగ్గర బ్యాండు పెట్టారు. విభూషణరావు గారు పూలదండ పట్టుకుని ఎదురొచ్చారు. నీలవేణి మెడ వంచింది. సారు దాన్ని దాటుకుని వెళ్లి తుపాకికి దండ వేశారు.

"ఈ విజయం మచ్చికది! పది తూటాల పాక్షిక మచ్చికకే బంగారం వచ్చిందంటే, సంపూర్ణ మచ్చికకు ఏమి రాదు?" అని మైకులో చెప్పారు. తుపాకిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పతకం కూడా అందులోనే దాని పక్కన పెట్టించారు, గెలిచింది అది కాబట్టి. ఆటల జట్టులో వెయ్యాలని నీలవేణి పెట్టిన అర్జీ మీద, "పతకము నాళికకు లభించినందున, అర్జీదారునకు రూలు వర్తించదు. యథాస్థానమున చేరవలెను" అని రాశారు. మర్నాడు పొద్దున్న యథాస్థానం దాని మొహం నాకింది. మేజరు.

వారం తిరక్కుండా సారుకి పెద్దాఫీసుకి ప్రమోషను వచ్చింది. రాష్ట్రంలో అన్ని పటాలాలకీ మచ్చిక నేర్పించమన్నారు. పెద్దాఫీసు ఊళ్లో వాళ్లకిచ్చే బంగళా ఇంకా ఖాళీ అవ్వలేదని కుక్కల్ని మూడు నెలలు ఇక్కడే ఉంచుతామన్నారు. వాటితోపాటు నీలవేణిని కూడా.

నీలవేణి ఈసారి ఏడవలేదు. రోకలి తియ్యలేదు. "ఉద్యోగం మానేస్తాను మామ్మా" అంది, టీ గ్లాసులోకి చూస్తూ. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఏడ్చే పిల్లని ఓదార్చొచ్చు. ఇలా నెమ్మదిగా మాట్లాడే పిల్లని ఏం చెయ్యాలి?

"రెండు రోజులు ఆగు" అన్నాడు తవిటయ్య. "రేపు కొత్త కమాండెంటు వస్తున్నారు."

"వస్తే?"

"కొత్త కమాండెంటు అన్నానమ్మా. *కొత్త*."

వచ్చినాయన చిన్నవాడు, ముప్ఫై దాటి ఉంటాయేమో. పేరు సత్యకీర్తి. నవ్వు మొహం. ఆఫీసులోకి రాగానే తవిటయ్య సెల్యూటు కొట్టి రెండో ఉత్తర్వు చేతిలో పెట్టాడు. నేను టీ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను.

"పటాలంలోకి వచ్చే నూతనమైనదేదైనా..." ఆయన చదివి తల ఎత్తారు. "ఇది వస్తువులకి కదా?"

"'నూతనమైనదేదైనా' అనుంది సార్. రద్దు చెయ్యడానికి మీకు అధికారం ఉంది. కానీ మీ మచ్చిక సంపూర్ణం అయ్యాకే మీ సంతకాలు పూర్తిగా చెల్లుతాయి. అంతవరకు ఒక సంతకం, చల్లారడం, తుడుపు. మళ్లీ ఒక సంతకం."

"రోజుకి ఒక్కటేనా?"

"మొదటి పది రోజులు అంతే సార్. మీ ముందున్న సారు పద్ధతి."

"ఏ కాగితం మీద పెట్టాలి?"

బల్ల మీద రెండు పక్కలా గుట్టలు పెట్టారు. మధ్యలో మాత్రం ఒకే ఒక్క కాగితం ఉంది. నీలవేణిని బంగళా డ్యూటీనుంచి తప్పించి ఆటల జట్టులో శాశ్వతంగా వెయ్యడమైనది అని. ఆయన దాన్ని చదివారు. కిటికీలోంచి బయటికి చూశారు. పెరట్లో నీలవేణి మేజరు వెనక పరిగెడుతోంది, తువ్వాలు పట్టుకుని. అద్దాల బీరువా వైపు చూశారు, దండ వేసిన తుపాకి, పక్కనే పతకం.

"ఈ పతకం గెలిచింది ఎవరు?"

"రికార్డు ప్రకారం గొట్టం సార్" అన్నాడు తవిటయ్య.

కొత్త సారు ఒక్క సంతకం పెట్టారు. వెంటనే జగ్గారావు గారు వచ్చి కలం తీసుకుని టోపీలో పెట్టుకున్నారు. ఇద్దరు కానిస్టేబుళ్లు విసనకర్రలతో చెరోపక్క నిలబడ్డారు. తువ్వాలుతో సారు నుదురు తుడిచి చూపిస్తే, "మసకగా ఉంది, రేపు చూద్దాం" అని జగ్గారావు గారు వెళ్లిపోయారు.

చల్లారడానికి ఆయన్ని నా పాక ముందు బల్లమీద కూర్చోబెట్టారు. బుద్ధిమంతుడు, చెప్పినట్టే కూర్చున్నారు. టీ ఇచ్చాను. కొండ కిందనుంచి చప్పుడు మొదలైంది. ఒకటి, రెండు, మూడు, ఆగకుండా, తొందరపడకుండా. సారు వేళ్ల మీద లెక్కపెడుతూ పది దాకా వచ్చారు.

"ఎవరమ్మా అది?"

"నీలవేణి బాబూ. బీరువా తాళం తీయించి తెచ్చుకుంది."

"తూటా తూటాకీ మధ్యలో తుడవదా?"

"ఇంటికెళ్లే ముందు తుడుచుకుంటుంది బాబూ" అన్నాను. "మీరు కదలకండి. ఇంకా వేడిగానే ఉన్నారు."